థ్యాంక్స్‌గివింగ్‌కి అమ్మానాన్నలతో కార్తహేనా (కొలంబియా) వెళ్దామని – వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే ప్లాన్ చూసి చెప్పండి

ఫ్రిస్కో_శ్రీను

అందరికీ నమస్కారం. మేము డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, డిసెంబర్ ఆఖర్లో తిరిగి వెళ్ళిపోతారు. నయాగరా, న్యూయార్క్, వేగాస్ అన్నీ అయిపోయాయి, ఇంక గుడి, కాస్ట్‌కో తప్ప చూపించడానికి ఏం మిగల్లేదు. నాన్నగారు రిటైర్డ్ సోషల్ మాస్టారు, కోటలంటే ప్రాణం, గండికోట, కొండపల్లి, గోల్కొండ ఎన్నిసార్లు చూసినా మళ్ళీ పోదాం అంటారు. ఆయనే యూట్యూబ్‌లో ఎక్కడో ఈ కార్తహేనా చూసి "ఒరేయ్, సముద్రం ఒడ్డున ఊరు, చుట్టూ గోడ ఇంకా చెక్కుచెదరకుండా ఉందిరా" అని పట్టుకున్నారు, అప్పట్నుంచి ఇంట్లో అదే పాట.

ప్రస్తుతానికి అనుకుంటున్నదేంటంటే థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం) ముందు శనివారం మయామీ మీదుగా కార్తహేనాలో దిగడం, ఒక మూడు రోజులు అక్కడ, తర్వాత మెడెయీన్, బొగోటా కూడా చూసేసి ఆదివారానికి ఇల్లు చేరడం. అంత దూరం వెళ్ళి ఒక్క ఊరే చూసి రావడం ఏంటని.

మా డీటెయిల్స్: నాది హెచ్‌వన్‌బీ (ఉద్యోగ వీసా), పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ వచ్చే ఏడాది కాక ఆ పై ఏడాది దాకా ఉంది. మా ఆవిడది హెచ్‌ఫోర్ (నా మీద ఆధారపడిన వీసా), స్టాంప్ వచ్చే మార్చి దాకా. అమ్మానాన్నలకి పదేళ్ళ విజిటర్ వీసా. బాబు ఇక్కడే పుట్టాడు, ఆరేళ్ళు. అమ్మ పక్కా వెజిటేరియన్, గుడ్డు కూడా ముట్టదు, పైగా మోకాళ్ళ నొప్పులు. నాన్నకి 67, బీపీ ఉంది కానీ నడకలో నన్ను దాటేస్తారు.

వీసా కావాలా వద్దా, ఏ ఏరియాలో ఉండాలి, అమ్మకి తిండి దొరుకుతుందా, దీవులకి బోట్లు అంటున్నారు అవి పెద్దవాళ్ళకి ఓకేనా, అన్నిటికన్నా ముఖ్యం కొలంబియా అనగానే ఇంట్లో అందరూ భయపడుతున్నారు, నిజంగా అంత డేంజరా? ఇప్పటికిప్పుడు టికెట్ రేట్లు బావున్నాయి, ఈ వీకెండ్ కొనేద్దామని చూస్తున్నా.

పేపర్‌వర్క్_పంతులు

శ్రీను గారూ, ఈ వీకెండ్ టికెట్లు కొనకండి. ముందు ఇది చదవండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి మామూలుగా కొలంబియా వీసా కావాలి. కానీ అమెరికా వీసా గానీ షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా గానీ ఉంటే అక్కర్లేదు, టూరిస్టుగా 90 రోజుల దాకా ఉండొచ్చు. ఇంతవరకు అందరికీ తెలుసు, యూట్యూబ్‌లో అందరూ చెప్తారు. అసలు మెలిక ఏంటంటే మీరు కొలంబియాలో దిగే రోజుకి ఆ అమెరికా వీసాకి ఇంకా కనీసం 180 రోజుల వ్యాలిడిటీ ఉండాలి. మీరు నవంబర్ మూడో వారం చివర్లో దిగితే స్టాంప్ వచ్చే మే నెల మూడో వారం దాకా అయినా ఉండాలి. మీది ఓకే, అమ్మానాన్నలది పదేళ్ళది కాబట్టి ఓకే, బాబు అమెరికన్ పాస్‌పోర్ట్ కాబట్టి అసలు గొడవే లేదు. మీ ఆవిడది మార్చి అన్నారు. అంటే ఆవిడకి ఈ సౌకర్యం వర్తించదు. ఎయిర్‌లైన్ వాళ్ళు మయామీ గేట్ దగ్గరే ఆపేస్తారు, అక్కడ హెచ్‌ఫోర్ అప్రూవల్ కాగితం చూపించి వాదించినా లాభం లేదు, వాళ్ళు చూసేది స్టాంప్ మీద డేటే.

దారి లేకపోలేదు. ఆవిడ ఒక్కరికీ కొలంబియా టూరిస్ట్ వీసా అప్లై చెయ్యండి, అంతా ఆన్‌లైనే, వాళ్ళ విదేశాంగ శాఖ సైట్‌లో. పాస్‌పోర్ట్ స్కాన్, ఫోటో, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, టికెట్ రిజర్వేషన్, హోటల్ లాంటివి పెట్టాలి. నిర్ణయం చెప్పడానికి వాళ్ళకి 30 రోజుల దాకా టైమ్ ఉంటుంది, మధ్యలో ఇంకో కాగితం అడిగితే ఇంకాస్త లాగుతుంది. ఇప్పుడు సెప్టెంబర్ కాబట్టి ఇవాళో రేపో మొదలుపెడితే హాయిగా వచ్చేస్తుంది. టికెట్లు కొంటే క్యాన్సిల్ చేసుకునే ఫేర్ కొనండి. రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి కాన్సులేట్ సైట్ ఒకసారి మీరే చూసుకోండి, నా మాట మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఇంకో మాట. స్టాంప్ పూర్తిగా ఎక్స్‌పైర్ అయిపోయి అప్రూవల్ కాగితం ఒక్కటే ఉన్నవాళ్ళు "కెనడా, మెక్సికో వెళ్ళొచ్చినట్టే వెళ్ళొద్దాం" అనుకోకండి. ముప్పై రోజుల లోపు వెళ్ళొస్తే పాత స్టాంప్‌తో రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్‌వన్, హెచ్‌ఫోర్ వాళ్ళకి ఆ రెండు దేశాలకే, కొలంబియాకి లేదు. ఇరుక్కుపోతారు. బొగోటాలోనే స్టాంపింగ్ చేయించుకుని వద్దాం అనే ఐడియా కూడా వదిలెయ్యండి, 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలోనో, ఉంటున్న దేశంలోనో మాత్రమే అప్లై చెయ్యమంటున్నారు.

అమ్మానాన్నలు తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు ఆఫీసర్ ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చు, డిసెంబర్ రిటర్న్ టికెట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టండి.

కొలంబియాలోకి వెళ్ళడానికి చెక్‌మిగ్ అని ఒక ఆన్‌లైన్ ఫారం ఉంటుంది, ఫ్లైట్‌కి 72 గంటల ముందు నుంచి నింపొచ్చు, పూర్తిగా ఫ్రీ. గూగుల్‌లో కొడితే పైన వచ్చే సైట్లు డబ్బులడుగుతాయి, వాటి జోలికి పోకుండా మిగ్రాసియోన్ కొలంబియా (వాళ్ళ ఇమిగ్రేషన్ శాఖ) సొంత సైట్‌కే వెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ నింపాలి.

ఎల్లో ఫీవర్ (దోమ కాటు వల్ల వచ్చే జ్వరం) గురించి మీరు అడగలేదు కానీ చెప్తా. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ లిస్టులో కొలంబియా ఉంది. మీ వాళ్ళు నవంబర్‌లో కొలంబియా వెళ్ళొచ్చి డిసెంబర్ ఆఖర్లో ఇండియా వెళ్తున్నారు కాబట్టి మీకు ఆ తలనొప్పి లేదు. అయినా టీకా వేయించాలా వద్దా అనేది డాక్టర్‌ని అడగాల్సిందే, అది లైవ్ వ్యాక్సిన్, 60 దాటినవాళ్ళకి ఆలోచించి వేస్తారు, వేస్తే ప్రయాణానికి పది రోజుల ముందే వెయ్యాలి.

లలిత_ఎడిసన్

శ్రీను గారూ, మేం మా అత్తగారు మావగారు, ఇద్దరు పిల్లలతో వెళ్ళొచ్చాం, ఇక్కడ న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది కాబట్టి మాకు సులువైంది. మీ ప్లాన్ చూడగానే నాకు కాళ్ళు నొప్పులొచ్చాయి, వారంలో మూడు ఊళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారితోనా! బొగోటా సముద్రమట్టానికి 2600 మీటర్ల ఎత్తు, చలి, బీపీ ఉన్నాయనకి వేడి ఊళ్ళోంచి తీసుకెళ్ళి అక్కడ దింపితే మొదటి రోజంతా తలనొప్పి, ఆయాసంతోనే సరిపోతుంది. ఒక్క కార్తహేనాలోనే వారం ఉండండి, బోర్ కొట్టదు.

ఏరియా విషయం. పాత ఊరు, అంటే గోడ లోపలి భాగం, సెంత్రో, శాన్ డియేగో అంటారు, చూడ్డానికి అదే అసలు ఊరు, బాల్కనీల నిండా బోగన్‌విలియా, రంగురంగుల గోడలు. కానీ అక్కడ హోటళ్ళన్నీ పాత ఇళ్ళే, చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, వేడినీళ్ళు కూడా అన్నిచోట్లా రావు. బుక్ చేసేముందు "కింది అంతస్తు రూమ్ ఉందా, హాట్ వాటర్ ఉందా" అని మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. గోడ బయట హెత్సెమనీ అని ఇంకో పేట ఉంది, గోడల మీద బొమ్మలు, తలమీద గొడుగుల వీధి, సాయంత్రం ట్రినిదాద్ ప్లాజాలో జనం కూర్చుని కబుర్లు, అంతా బావుంటుంది కానీ వీకెండ్ రాత్రి రెండు దాకా మ్యూజిక్ మోగుతూనే ఉంటుంది, పెద్దవాళ్ళకి నిద్ర ఉండదు. బోకాగ్రాందే అని ఎత్తు బిల్డింగుల వైపు ఉంటే లిఫ్టు, ఏసీ, వంటిల్లు అన్నీ ఉన్న అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి, పాత ఊరికి టాక్సీలో పదీ పదిహేను నిమిషాలు. మీకైతే నేను బోకాగ్రాందే అంటాను, ఇన్‌స్టా ఫోటోలు కావాలంటే మీ ఆవిడ నన్ను తిట్టుకుంటారేమో.

ఒక మాట, బోకాగ్రాందే బీచ్ చూసి మోసపోయామనుకోకండి. ఇసుక బూడిద రంగు, నీళ్ళు మడ్డిగా ఉంటాయి, మగ్దలేనా నది నుంచి కాలవ ద్వారా వచ్చే ఒండ్రు అంతా అక్కడ కలుస్తుంది. ఫోటోల్లో కనిపించే నీలం నీళ్ళు దీవుల దగ్గర.

బోట్ల సంగతి వివరంగా చెప్తా, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. రొసారియో దీవులకి బోట్లు బోదెగీతా జెట్టీ నుంచి పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య బయల్దేరతాయి, మధ్యాహ్నం మూడింటికల్లా వెనక్కి. వెళ్ళేటప్పుడు సముద్రం పర్లేదు, తిరిగొచ్చేటప్పుడు గాలి లేస్తుంది, ఆ స్పీడ్ బోట్ అల మీదనుంచి ఎగిరి ధబేల్మని పడుతుంది, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి నడుం విరిగినంత పనవుతుంది. మా అత్తగారు ఆంజనేయ దండకం మొదలెట్టింది, చివరికి ఎవరో స్పానిష్ ఆవిడ కూడా పక్కనే సిలువ వేసుకుంటూ ఉంది, ఇద్దరూ దిగాక కౌగిలించుకున్నారు. మీ అమ్మగారిని ఎక్కించకండి.

ఆవిడకి బీచ్ చూపించాలంటే రోడ్డు మీదే వెళ్ళొచ్చు. బరూ అనే దీవికి 2014 నుంచి వంతెన ఉంది, కారు మాట్లాడుకుంటే గంట, గంటంపావులో ప్లాయా బ్లాంకా చేరతారు. అక్కడ కాలు పెట్టగానే మసాజ్ అంటూ, జడ వేస్తామంటూ చుట్టుముడతారు, "ఫ్రీ, ఫ్రీ" అని చెయ్యి పట్టుకుని నొక్కడం మొదలుపెట్టి తర్వాత డబ్బులడుగుతారు. "నో గ్రాసియాస్" అని నడుస్తూనే ఉండాలి, ఆగారా అయిపోయారు. ఆ దారిలోనే పెద్ద పక్షుల పార్కు ఉంది, అవియారియో నాసియోనాల్, ఫ్లెమింగోలు, టూకాన్లు, కాండర్ కూడా ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, బాబుకి అదే ట్రిప్ మొత్తంలో హైలైట్ అవుతుంది చూడండి.

క్యాన్‌కూన్_కింగ్

నాకైతే ఇదంతా అనవసరపు రిస్క్ అనిపిస్తోంది. అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) సైట్ తీసి చూడండి, కొలంబియాకి లెవల్ 3 పెట్టారు, "వెళ్ళాలా వద్దా మళ్ళీ ఆలోచించుకోండి" అని. పెద్దవాళ్ళు, ఆరేళ్ళ పిల్లాడు, భాష రాదు, పైగా ఒకరికి వీసా సమస్య. డల్లాస్ నుంచి మెక్సికోలోని క్యాన్‌కూన్‌కి డైరెక్ట్ ఫ్లైట్, ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్, బఫేలో ఏదో ఒకటి తింటారు, మాయన్ల పాత కట్టడాలున్న చిచెన్ ఇట్జా చూపించండి మీ నాన్నగారికి, హిస్టరీ అయిపోయింది. ఎందుకొచ్చిన గొడవ.

బొగోటా_భాయ్

అన్నా, క్యాన్‌కూన్ మంచిదే, కాదనను. కానీ లెవల్ 3 అని చూసి ఆగిపోతే ఎట్ల, కింద పూర్తిగా చదవాలె గదా. అస్సలే పోవద్దని లెవల్ 4 పెట్టినయి అరౌకా, కౌకా, నోర్తె దె సాంతాందేర్ అసొంటి జిల్లాలు, ఇంకా వెనెజులా బార్డర్. కార్తహేనా దానికి ఎక్కడో దూరం. క్రూయిజ్ షిప్పులల్ల వేలమంది ముసలోళ్ళు దిగి టోపీలు పెట్టుకొని తిరుగుతనే ఉంటరు.

నేను బొగోటాలనే ఉంటా, ఫార్మా పని, డిస్ట్రిబ్యూటర్లను కలవనీకి కార్తహేనా పోతనే ఉంటా. డేంజర్ అంటే అక్కడ తుపాకులు గాదు, జేబు. ఫోన్ చేతుల పట్టుకొని రోడ్డు అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే బైక్ మీదొచ్చి గుంజుకపోతరు, షాప్ లోపలికి పోయి చూసుకోండ్రి. బంగారం వేస్కొని రాకుండ్రి, అమ్మను మంగళసూత్రం లోపలికి వేస్కోమను, గాజులు ఇంట్ల పెట్టి రమ్మను. రాత్రి గడియారం టవర్ దగ్గర మొగోళ్ళు ఒంటరిగ నడిస్తే చెవిల గుసగుసగ ఏవేవో అమ్మనీకి చూస్తరు, ఆగకుండ పోవాలె. తెల్వనోళ్ళు ఇచ్చిన డ్రింక్ తాగుడు లేదు, గంతే. ఫ్యామిలీతోని తొమ్మిది, పది దాంక సెంత్రోల తిరిగితే ఏం గాదు.

టాక్సీలకు మీటర్ ఉండదు. ఎక్కకముందే రేటు మాట్లాడాలె, ఎక్కినంక మాట్లాడితే వాడు చెప్పిందే రేటు. యాప్ బండ్లు కూడ దొరుకుతయి. ఎయిర్‌పోర్ట్ ఊర్లనే ఉన్నట్టు, సెంత్రోకు పావుగంట.

పాత ఊర్ల ర్యాప్ పాడే పోరగాళ్ళు వెంటపడతరు. నీ టోపీ మీద, నీ చొక్కా మీద అక్కడికక్కడ పాట కట్టి పాడుతరు, మంచిగనే ఉంటది, నవ్వినవా పైసలియ్యాలె. రంగు గౌన్లేస్కొని నెత్తిమీద పండ్ల బేసిన్ పెట్టుకున్న ఆడోళ్ళు కనిపిస్తరు, పలెంకేరాలు, వాళ్ళతోని ఫోటో దిగాలంటే ముందే ఎంతనో అడుగుండ్రి. వాళ్ళది ఉత్త ఫోటో యాపారం అనుకోకుండ్రి, ఊరికి యాభై కిలోమీటర్ల దూరంల శాన్ బసీలియో దె పలెంకే అని ఒక ఊరుంది, బానిసలు తప్పిచ్చుకపోయి కట్టుకున్న ఊరు, వాళ్ళ భాష, వాళ్ళ పాట ఇంక బతికే ఉన్నయి, యునెస్కో గూడ 2005ల గుర్తించింది. మీ నాయిన సోషల్ సార్ కాబట్టి ఒక పూట గైడ్‌ను పెట్టుకొని ఆడికి పోతే బీచ్ కన్నా సంతోషపడతడు.

వాన గురించి ఎవ్వరు చెప్పలే. అక్టోబర్ మొత్తం, నవంబర్ సగం దాంక మస్తు పడతది, సముద్రం పొంగినప్పుడు వాన గూడ తోడైతే బోకాగ్రాందే రోడ్ల మీద మోకాలు లోతు నీళ్ళు. మీరొచ్చేది నవంబర్ ఆఖరి వారం, అప్పటికి తగ్గుముఖం పడతది కానీ సాయంత్రం ఒక జల్లు పడొచ్చు. డిసెంబర్ నుంచి గాలి మొదలైతది, హాయిగ ఉంటది, కానీ క్రిస్మస్ వచ్చేసరికి హోటల్ రేట్లు ఆకాశంల ఉంటయి. నవంబర్ 11 చుట్టుపక్కల రాకపోవుడు మంచిదైంది, 1811ల ఆ ఊరు స్పెయిన్ నుంచి స్వతంత్రం ప్రకటించుకున్న రోజు, ఊరంత పరేడ్లు, నురగ కొట్టుకునుడు, రోడ్లు బంద్.

ఇంకొకటి పైసల ముచ్చట. హోటల్ రూమ్ మీద 19 శాతం ట్యాక్స్ ఉంటది, అది బయటి దేశం టూరిస్టులకు మాఫీ, పాస్‌పోర్ట్ మీద ఎంట్రీ ముద్ర చూపియ్యాలె. చెక్-ఇన్ అప్పుడే అడుగుండ్రి, బిల్లు కొట్టినంక అడిగితే సాగదీస్తరు.

ఫ్రిస్కో_శ్రీను

అమ్మో, ఇంత సమాచారం ఒక్క రోజులో! పంతులు గారూ, 180 రోజుల సంగతి మాకు అస్సలు తెలీదు, మీ పోస్ట్ మా ఆవిడకి చూపిస్తే రాత్రే కూర్చుని అప్లికేషన్ మొదలెట్టింది. మెడెయీన్, బొగోటా కొట్టేశాం. నాన్నకి పలెంకే సంగతి చదివి వినిపిస్తే "ఆ ఊరు ముందు పెట్టు, బీచ్ తర్వాత" అన్నారు.

క్యాన్‌కూన్ బ్రదర్, మీ మాటా నిజమే కానీ ఇంట్లో పెద్దాయన పోప్ చెప్పినా వినరు ఇప్పుడు.

అమ్మ తిండి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. అలాగే అక్కడి శాన్ ఫెలిపే కోట ఎక్కడానికి అమ్మ వల్ల అవుతుందా?

కోటల_పిచ్చోడు

కోట గురించి నేను చెప్తా. శాన్ ఫెలిపే కోట గోడ లోపల ఉండదు, ఊరి బయట చిన్న గుట్ట మీద ఉంటుంది. మొదలుపెట్టింది 1657లో, ఇప్పుడు మనం చూసే భారీ ఆకారం ఆ తర్వాత వందేళ్ళకి వచ్చింది. మెట్లు కాదు, పొడవైన వాలు దారి, కాబట్టి మీ అమ్మగారు మెల్లగా ఎక్కగలరు, కానీ నీడ అనేదే లేదు, రాయి అంతా వేడెక్కిపోతుంది. తలుపులు తియ్యగానే పొద్దున్నే వెళ్ళండి లేదా సాయంత్రం నాలుగింటికి. లోపల సొరంగాలున్నాయి, సన్నగా, తల వంచి నడవాలి, ఒకచోట గోడ దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడితే సొరంగం ఆ చివర వినపడుతుంది, శత్రువు అడుగుల చప్పుడు పట్టుకోవడానికి అలా కట్టారట. అమ్మగారిని పైన కూర్చోబెట్టి నాన్నగారిని, బాబుని అందులోకి పంపించండి.

వెళ్ళేముందు నాన్నగారికి 1741 కథ చెప్పి ఉంచండి, తెలిసే ఉంటే ఆయనే మీకు చెప్తారు. ఇంగ్లీషు అడ్మిరల్ వెర్నన్ 180కి పైగా ఓడలు, 20 వేలకి పైగా మనుషులతో వచ్చి పడ్డాడు. ఊళ్ళో ఉన్నది నాలుగు వేలు కూడా లేరు. వాళ్ళ నౌకాదళానికి నాయకుడు బ్లాస్ దె లేసో, అప్పటికే యుద్ధాల్లో ఒక కాలు పోయింది, ఒక కన్ను పోయింది, ఒక చెయ్యి పనిచెయ్యదు. బయటి కోటలు పడిపోగానే గెలిచేశాం అని వెర్నన్ ఇంగ్లండ్‌కి కబురు పంపిస్తే అక్కడ పతకాలు కూడా అచ్చేశారు, వాటి మీద లేసో మోకాళ్ళ మీద కూర్చుని కత్తి అప్పగిస్తున్నట్టు బొమ్మ. తీరా శాన్ ఫెలిపే దగ్గర ఎదురుదెబ్బ, దానికితోడు ఎల్లో ఫీవర్, వేలమంది చచ్చిపోయి తోక ముడిచి వెళ్ళిపోయారు. లేసో కూడా అదే ఏడాది ఊళ్ళోనే చనిపోయాడు. కోట ముందు ఆయన విగ్రహం ఉంది. ఇంకో విషయం, ఆ దండయాత్రలో వెర్నన్ కింద పనిచేసినవాళ్ళలో జార్జ్ వాషింగ్టన్ సవతి అన్నయ్య లారెన్స్ ఒకడు, ఇంటికెళ్ళాక తన ఎస్టేట్‌కి ఆ అడ్మిరల్ పేరే పెట్టుకున్నాడు. అదే వాషింగ్టన్ డీసీ పక్కన మనం అందర్నీ తీసుకెళ్ళే మౌంట్ వెర్నన్. మీ నాన్నగారు ఇది విని ఊరుకోరు చూడండి.

ఊరి గోడ సంగతికొస్తే 1586లో ఇంగ్లీషు ఓడల దొంగ డ్రేక్ వచ్చి దోచుకుపోయాక కట్టడం మొదలెట్టారు, 1796లో గానీ పూర్తి కాలేదు. గోడ మీద నడవడానికి టికెట్ లేదు, సాయంత్రం అయిదున్నరకి ఎక్కండి. అక్కడ కేఫ్‌లో కాఫీ తాగాలంటే మాత్రం గోడ కట్టిన ఖర్చంతా మన దగ్గరే లాగుతారు, పక్కనే రాతి మీద కూర్చుంటే అదే సూర్యుడు ఫ్రీగా కనిపిస్తాడు.

ల పోపా అని పైన మఠం ఉన్న గుట్ట ఒకటుంది, పై నుంచి ఊరు మొత్తం కనిపిస్తుంది, దానికి మాత్రం నడిచి వెళ్ళొద్దు, టాక్సీ మాట్లాడుకుని పైన ఆపించి అదే టాక్సీలో దిగండి.

లలిత_ఎడిసన్

తిండి నేను చెప్తానండి, అది రాద్దామనే మళ్ళీ వచ్చా.

అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉప్పు వేసి చేత్తో బాగా గిలక్కొట్టి నూనెలో వేస్తారు, బున్యుయేలో దె ఫ్రీహోల్ అంటారు, పొద్దున్నే వీధి బండ్ల మీద దొరుకుతాయి. అల్లం, పచ్చిమిర్చి లేని మన అలసంద వడే. మా అత్తగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని "ఇది మనదే కదే" అని, బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసింది, ఆ బండి ఆవిడ కూడా అడిగి మరీ రుచి చూసి నాలుక బయటపెట్టి విసురుకుంది. అయితే ఒక తిరకాసు ఉంది, అదే మూకుట్లో గుడ్డు పెట్టిన అరేపాలు (మొక్కజొన్న రొట్టెలు), మాంసం పెట్టినవి కూడా వేయిస్తారు. మీ అమ్మగారికి నూనె పట్టింపు ఉంటే వడలు మాత్రమే వేసే బండి వెతకాలి, దొరుకుతుంది కానీ తిరగాలి.

రెస్టారెంట్లో కొబ్బరి అన్నం, పతకోనెస్ అని అరటికాయ అప్పచ్చులు, అవొకాడో సలాడ్, ఈ మూడూ ఎక్కడైనా ఉంటాయి. కొబ్బరి అన్నం మనలా తెల్లగా ఉండదు, కొబ్బరిపాలు మాడ్చినంత పని చేసి వండుతారు, గోధుమ రంగులో కాస్త తియ్యగా ఉంటుంది. వెజిటేరియన్ అని ఒక్క మాట చెప్తే సరిపోదు, మాంసం, చికెన్, చేప, రొయ్య, హ్యామ్ అన్నీ వద్దని పేరుపేరునా ఫోన్‌లో స్పానిష్‌లో రాసి చూపించండి, సూపుల జోలికి అస్సలు పోవద్దు. బిల్లులో పది శాతం టిప్ ముందే వేసి తెస్తారు, ఇష్టమైతేనే ఇవ్వాలి, అడుగుతారు కూడా.

పళ్ళు మాత్రం పండగే. నీస్పెరో అంటే మన సపోటానే, దాంతో పాలు కలిపి జ్యూస్ చేయించుకోండి. పచ్చిమామిడి సన్నగా చీల్చి ఉప్పు, నిమ్మకాయ పిండి కప్పులో ఇస్తారు. గడియారం టవర్ పక్కన వరండాలో సీసాల్లో మిఠాయిలు అమ్ముతారు, కొబ్బరివి, చింతపండు ఉండలు, అమ్మగారికి అవి నచ్చుతాయి, వాటిలో గుడ్డు ఉండదు కానీ అడగడం మీ ధర్మం.

వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అసలు బెంగే లేదు, సూపర్‌మార్కెట్లో బియ్యం, మసూర్‌పప్పు లాంటి పప్పు, టమాటాలు, చక్కెర లేని పెరుగు అన్నీ దొరుకుతాయి, మీరు ఇంగువ, చారుపొడి తీసుకెళ్తే చాలు. రాత్రిపూట పప్పన్నం, పగలు బయట, మేం అలాగే గడిపేశాం. మినరల్ వాటర్ పెద్ద డబ్బా కొనుక్కోండి. దోమల క్రీమ్ ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి, డెంగీ ఉంది.

ఫ్రిస్కో_శ్రీను

అలసంద వడ అనగానే అమ్మ కూడా "అయితే సరే పద" అంది, ఇప్పటిదాకా ఆవిడే పెద్ద అడ్డంకి. ఫైనల్‌గా బోకాగ్రాందేలో అపార్ట్‌మెంట్ చూస్తున్నాం, క్యాన్సిల్ చేసుకునే టికెట్లు, మా ఆవిడ వీసా వచ్చాకే అన్నీ ఖాయం చేస్తాం. అమ్మానాన్నలు, మా ఆవిడ రోడ్డు మీద బరూకే. కానీ నాకు, బాబుకి ఒక్క పూట రొసారియో దీవులు చూడాలనుంది, ఆరేళ్ళవాడిని ఆ బోట్‌లో తీసుకెళ్ళొచ్చా?

లలిత_ఎడిసన్

మా చిన్నదానికి అప్పుడు ఏడేళ్ళు, వెళ్ళింది, కేకలేసి ఎంజాయ్ చేసింది. వెనక వరసలో, ఇంజన్‌కి దగ్గరగా కూర్చోండి, ఎగరడం తక్కువ, తడవడం మాత్రం ఖాయం, ఫోన్ జిప్‌లాక్ కవర్లో పెట్టుకోండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో ఎక్కకముందే తొడిగి చూడండి, మాకు మొదట పెద్దవాళ్ళదే ఇచ్చి తాడు బిగించమన్నారు, వద్దు అని నిలబడితే పక్క బోట్ నుంచి చిన్నది తెచ్చారు, మీకు లగేజీలో చోటుంటే ఇంటి నుంచే ఒకటి తీసుకెళ్ళండి. జెట్టీ దగ్గర పోర్టు ఫీజు టూర్ టికెట్‌తో సంబంధం లేకుండా విడిగా కట్టించుకుంటారు, చిల్లర పెసోలు దగ్గర ఉంచుకోండి.

బొగోటా_భాయ్

లలితక్క చెప్పింది కరెక్టే. ఇంకొకటి, బోట్ టికెట్ ముందురోజు ప్లాజాల తిరిగే ఏజెంట్ల దగ్గర కొనకుండ్రి, జెట్టీకే పోయి కౌంటర్ల కొనుండ్రి. పొద్దుగాల గాలి ఎక్కువుంటే హార్బర్ వాళ్ళే బోట్లు ఆపేస్తరు, అట్లైతే మొండికెయ్యకుండా పక్షుల పార్క్‌కు పోండ్రి.